జీతం బాకీ కూడా అప్పే

2019 ఏప్రిల్ 17వ తేదీ రాత్రి పదిన్నరకు అమృత్‌సర్‌లో బయలుదేరిన జెట్ ఎయిర్‌వేస్ విమానం అర్ధరాత్రి దాటాక ముంబయిలో దిగింది. ఆ సంస్థకు అదే ఆఖరి ప్రయాణం. 1993 మే నెలలో మొదలై దాదాపు 26 ఏళ్ళు ఎగిరిన సంస్థ ఒక్క రాత్రితో ఆగిపోయింది. 20 వేలకు పైగా ఉద్యోగులు వీధిన పడ్డారు. పైలట్లకు, ఇంజనీర్లకు అప్పటికే జనవరి నుంచి జీతాలు లేవు.

ఆ వారమంతా లోకల్ రైల్లోనూ, మా గ్రాంట్ రోడ్ వైపు గల్లీల్లోనూ ఇదే ముచ్చట. "నెలకు లక్షలు తీసుకునేవాళ్ళకు నాలుగు నెలలు జీతం రాకపోతే మునిగిందేమిటండీ?" అన్నవాళ్ళే ఎక్కువ. విమానం నడిపేవాళ్ళ గొడవ మనకెందుకు అన్నవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం ఈ కథలో కొత్తదనం పెద్దగా కనిపించలేదు. బొంబాయి మిల్లుల సమ్మె చూసిన ఇంట్లోవాళ్ళు ఎవరైనా కాస్త నిదానించి ఆలోచిస్తే ఆ మాటే అంటారు.

కామాటిపుర అన్న పేరులోనే కూలిపని ఉంది. నిజాం ఇలాకా నుంచి నడిచి వచ్చి ఈ నగరానికి రాళ్ళెత్తిన కామాటీల పేరే ఆ పేటకు నిలిచింది. ఆ తరువాతి తరాల్లో పద్మశాలీలు ఎందరో ఇక్కడి మిల్లుల్లో మగ్గాల మీద చేరారు. కామాటిపుర చాళ్ళలోనూ, వర్లీ, లోయర్ పరేల్ ప్రాంతాల్లోనూ ఒక్కొక్క ఖోలీలో పదేసి మంది ఉంటూ, ఖానావళిలో తింటూ ఊరికి మనియార్డర్లు పంపినవాళ్ళు వాళ్ళు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పని మానారు. ఆ సమ్మెను ముగిస్తున్నామని ఎవరూ ఏనాడూ ప్రకటించలేదు. అది దానంతటదే అరిగిపోయింది. లక్షమందికి పైగా ఉద్యోగాలు పోయాయి. మనవాళ్ళు కొందరు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల్లోని సొంత ఊళ్ళకు మళ్ళారు. కొందరు భివండీ పవర్‌లూమ్‌లలో తక్కువ కూలికి కుదిరారు. మిగిలినవాళ్ళు ఇక్కడే వాచ్‌మన్లుగానో, కూరల బండ్ల మీదనో బతుకు వెళ్ళదీశారు.

ఆ సమ్మెలో అసలు పీటముడి డబ్బు దగ్గర కాదు, ఎవరితో మాట్లాడాలన్న దగ్గర పడింది. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం మిల్లు కార్మికుల తరఫున మాట్లాడే హక్కు రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్ అనే ఒకే ఒక్క సంఘానికి ఉండేది. కార్మికులేమో డాక్టర్ దత్తా సామంత్ వెనుక నడిచారు. చట్టం గుర్తించిన సంఘం వెనుక మనుషులు లేరు, మనుషులున్న సంఘానికి చట్టంలో చోటు లేదు. బేరం కుదరాలంటే ముందు బల్ల దగ్గర కుర్చీ ఉండాలి గదా.

ఇప్పుడు పైలట్ల సంగతి చూడండి. 2009లో జెట్ పైలట్లు నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ అనే సంఘం పెట్టుకున్నారు. యాజమాన్యం సంఘం నాయకులను ఉద్యోగంలోంచి తీసేసింది. సెప్టెంబరు 8 నుంచి పైలట్లు గుంపుగా ఒంట్లో బాగాలేదని సెలవు చీటీలు పంపారు. అయిదు రోజుల్లో వందలాది విమానాలు రద్దయి, తీసేసినవాళ్ళను తిరిగి తీసుకుంటామన్నాక గాని వాళ్ళ ఆరోగ్యం కుదుటపడలేదు! ఎయిర్ ఇండియాలో 2011 ఏప్రిల్ 27న పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు, అంటే 2007 విలీనంలో వచ్చి చేరినవాళ్ళు, తమ జీతాలు రెండోవైపు వాళ్ళతో సమానం చేయమని సమ్మెకు దిగితే, యాజమాన్యం చేసిన మొదటి పనుల్లో ఒకటి వాళ్ళ సంఘానికి గుర్తింపు రద్దు చేయడం. ఆ సమ్మె పది రోజులు నడిచింది. మరుసటి ఏడాది, 2012లో, రెండోవైపు పైలట్లు కొత్త బోయింగ్ 787 విమానాల శిక్షణ గురించి అలిగి సుమారు రెండు నెలలు విధులకు రాలేదు. నష్టాల్లో మునిగిన సంస్థలో రెండు వర్గాల పైలట్లు ఒకరి మీద ఒకరు పట్టుదలకు పోవడం చూసి ఆనాడు నాకు విసుగే పుట్టింది. ఇప్పటికీ ఆ అభిప్రాయం పెద్దగా మారలేదు.

సరే, జీతాల కోత దగ్గరికి వద్దాం. కామర్స్ చదివినవాడిని కనుక లెక్క వేయకుండా ఉండలేను.

2018 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో జెట్ ఎయిర్‌వేస్ నష్టం 1,323 కోట్ల రూపాయలు. చమురు ధర పెరిగింది, రూపాయి పడింది, విమానాల అద్దెలు డాలర్లలో కట్టాలి, టిక్కెట్టు ధర పెంచితే పక్క సంస్థ ప్రయాణికులను లాక్కుంటుంది. దానికి తోడు 2007లో 1,450 కోట్లకు ఎయిర్ సహారాను కొన్న భారం. ఆ వేసవిలో యాజమాన్యం పైలట్ల జీతంలో 25 శాతం దాకా కోసుకుంటామని అడిగింది. పైలట్లు ససేమిరా అన్నారు. యాజమాన్యం వెనక్కు తగ్గింది.

పైలట్లు 1,500 మంది, తలకు సగటున నెలకు 4 లక్షల జీతం అనుకుందాం. ఇది నేను లెక్క కోసం వేసుకున్న అంకె మాత్రమే. 25 శాతం కోత అంటే తలకు లక్ష. మూడు నెలలకు మొత్తం 45 కోట్లు. 1,323 కోట్ల నష్టంలో అది మూడున్నర శాతం లోపే. కాబట్టి "ఆ పైలట్లు కాస్త తగ్గి ఉంటే కంపెనీ బతికేది" అనే మాట లెక్కకు నిలవదు. పెద్ద చెరువు గండిని చారెడు మట్టితో పూడ్చినట్టు ఉంటుంది.

ఇక రెండోవైపు లెక్క. కోతకు ఒప్పుకుని ఉంటే ఆగస్టు నుంచి ఏప్రిల్ మధ్య వరకు ఎనిమిదిన్నర నెలల్లో పైలట్‌కు పోయేది ఎనిమిదిన్నర లక్షలు. ఒప్పుకోలేదు. కాని సంస్థ కొద్ది వారాలకే జీతాలు వాయిదాల్లో ఇవ్వడం మొదలుపెట్టింది. జనవరి తరువాత అదీ లేదు. మూడున్నర నెలల బాకీ 14 లక్షలు. అంటే బల్ల మీద వద్దన్న కోత, బల్ల కింద నుంచి అంతకంటె పెద్దదై వచ్చిందన్నమాట. కోతకు ఒప్పుకున్నా తరువాత బాకీ పడేదేమో, కాదనను. అయినా ఈ రెండింటికీ ఉన్న తేడా మన కుటుంబాల్లో చాలామందికి తట్టదు.

కోతకు కాగితం ఉంటుంది. ఎంత, ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా అని రాసి ఉంటుంది. దానికి ఒప్పుకోవచ్చు, మానేసి పోవచ్చు, ఇంట్లో ఖర్చు తగ్గించుకోవచ్చు. బాకీకి కాగితం ఉండదు. "వచ్చే వారం", "బ్యాంకులు డబ్బు వదలగానే" అంటూ నోటి మాట మీద నడుస్తుంది. మా బ్యాంకులో ఒక మనిషికి 14 లక్షలు అప్పివ్వాలంటే జీతం చీటీలు, ఆదాయపు పన్ను రిటర్నులు, హామీదారు, తాకట్టు, ఒకటేమిటి! ఆ పైలట్ మాత్రం దివాలా అంచున ఉన్న సంస్థకు వడ్డీ లేకుండా, తాకట్టు లేకుండా, గడువు లేకుండా 14 లక్షలు అప్పిచ్చాడు. ఇచ్చానని అతనికే తెలియదు. పైగా ఆదాయపు పన్ను చట్టంలో జీతం చేతికి రాకపోయినా, రావలసి ఉన్న నాటి నుంచే ఆదాయం కింద లెక్క. రాని డబ్బుకు పన్ను కట్టాలా అని అడిగినవాళ్ళకు సమాధానం చెప్పడానికి నాకే సిగ్గనిపించేది.

ఈ సంగతి నాకు దగ్గరగా తెలిసింది మా పాత గల్లీ కుర్రాడొకడి వలన. వాళ్ళ నాన్న మిల్లులో సాంచాలు నడిపినవాడే. కుర్రాడు 200 గంటల ఫ్లయింగ్ పూర్తి చేసి లైసెన్సు తెచ్చుకోవడానికి చదువు అప్పు తీశాడు, చాలనిదానికి వాళ్ళమ్మ నగలు కుదువ పెట్టారు. ఒక విమాన సంస్థలో కో-పైలట్‌గా చేరాడు. పేరు ఎందుకులెండి, కుంటుతూ నడిచి ఆగిపోయిన సంస్థలు మన దేశంలో చాలానే ఉన్నాయి. విజయవాడ నుంచి 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017లో ఆగింది, మాల్యా గారి కింగ్‌ఫిషర్ 2012లోనే ఆగింది. ఈ కుర్రాడికి కూడా మూడు నెలలు జీతం పడలేదు. ఒకనాడు బ్యాంకుకు వచ్చి, "బాబాయ్, ఈఎమ్ఐకి రెండు నెలలు ఆగమని చెప్పలేవా?" అన్నాడు.

"జీతం ఇవ్వని చోట ఎందుకురా ఇంకా ఎగురుతున్నావు?" అని అడిగాను.

"మానేస్తే ఆరు నెలలు నోటీసు ఇవ్వాలి బాబాయ్. పైగా నేను నేర్చింది బోయింగ్. ఎయిర్‌బస్ వాళ్ళ దగ్గరకు పోతే మళ్ళీ ట్రెయినింగ్‌కు డబ్బు కట్టాలి. ఇక్కడ మానేస్తే పాత జీతం ఇస్తారో ఎగ్గొడతారో. అందరం కలిసి ఉంటేనే వస్తుందంటున్నారు."

ఆ నోటీసు సంగతి నిజమే. 2017లో పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధన మార్చి కెప్టెన్లకు ఏడాది, కో-పైలట్లకు ఆరు నెలలు నోటీసు తప్పనిసరి చేసింది. నేర్చిన విమానం రకం మారితే కొత్తగా పరీక్షించుకోవాలన్నదీ నిజమే. మన మగ్గం మనిషి మిల్లు మూస్తే భివండీలో మరో మగ్గం ఎక్కగలిగాడు, కూలి తక్కువైనా. ఇంత చదువూ ఇంత జీతమూ ఉన్న పైలట్‌కు ఆ పాటి వెసులుబాటు కూడా లేదు.

వాళ్ళ నాన్నను తరువాత చాళ్‌లో కలిశాను. ఆయన నన్ను నవ్వుతూనే అడిగారు. "తమ్మీ, మేం పని బంద్ పెట్టినం, పైసల్ రాలే. ఈడు దినాం పని చేసిండు, ఈనికి గూడ రాలే. గిదేం లెక్క?" మీ కామర్స్‌లో దీనికేమంటారు అని నన్ను గుచ్చినట్టే అనిపించింది.

దీనికి కామర్స్‌లో మాట ఉంది. వరుస. దివాలా తీసిన సంస్థ ఆస్తులు అమ్మితే వచ్చిన డబ్బు పంచడానికి ఒక క్యూ ఉంటుంది. 2016 నాటి దివాలా చట్టంలో ఆ క్యూ ఇలా ఉంది. ముందు దివాలా ప్రక్రియకైన ఖర్చులు. తరువాత చట్టం దృష్టిలో కార్మికులైనవాళ్ళకు 24 నెలల బాకీ, వాళ్ళతో సమానంగా తాకట్టు ఉన్న బ్యాంకులు. ఆ తరువాత మిగతా ఉద్యోగులకు 12 నెలల బాకీ. వాళ్ళ వెనుక తాకట్టు లేని అప్పులవాళ్ళు, ఆ వెనుక సర్కారు వారు. బ్యాంకు ఆఫీసరునైన నేను క్యూలో ముందు నిలుచున్నాను, మా గల్లీ కుర్రాడు వెనుక ఎక్కడో. పైలట్ కార్మికుడా, కాడా అన్నదాన్ని బట్టి ఒక మెట్టు ముందుకో వెనక్కో. అంత జీతం తీసుకునేవాడు కార్మికుడేమిటని యాజమాన్యాలు వాదిస్తూ వచ్చాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద పైలట్ కూడా కార్మికుడేనని 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. జీతం ఎంత అని కాక, చేసే పని ఏమిటని చూడాలన్నది దాని సారం. మిల్లు చాళ్ళలో ఈ వార్త ఎవరూ పట్టించుకోలేదు కాని, నాకైతే కాక్‌పిట్‌కూ సాంచాల ఖాతాకూ మధ్య గోడ ఒకటి పడిపోయినట్టనిపించింది.

క్యూ ఉన్నంత మాత్రాన కౌంటర్‌లో డబ్బు ఉండాలి గదా. జెట్ విషయంలో బ్యాంకుల బాకీయే 8,000 కోట్లకు పైన. 2019 మార్చి 25న నరేష్ గోయల్ దంపతులు డైరెక్టర్ల బోర్డు నుంచి దిగిపోయారు, స్టేట్ బ్యాంకు నాయకత్వంలోని బ్యాంకులు 1,500 కోట్లు సర్దుతామన్నాయి. ఆ డబ్బు అనుకున్నట్టు రాలేదు. చివరకు అత్యవసరంగా కనీసం 400 కోట్లు ఇమ్మన్నా ఇవ్వలేదు. ఆ చివరి 400 కోట్లు ఇవ్వకపోవడాన్ని నేను తప్పుపట్టను. అది డిపాజిటర్ల సొమ్ము, అందులో మన రిటైరైనవాళ్ళ ఫిక్సెడ్ డిపాజిట్లు కూడా ఉంటాయి. అయితే ఇస్తామా, ఇవ్వమా అని తేల్చకుండా జరిగిన ఆ నెలల కాలహరణానికి ఖర్చు భరించింది ఎవరు? జీతం లేకుండా విమానాలు నడిపినవాళ్ళు. పైలట్ల సంఘం ఏప్రిల్ 1 నుంచి ఎగరమని హెచ్చరించి, సంస్థకు మరో అవకాశం ఇద్దామని రెండు వారాలు వాయిదా వేసుకుంది. ఆ రెండు వారాలూ కూడా అప్పు ఖాతాలోకే వెళ్ళాయి.

జూన్ 20న ముంబయిలోని కంపెనీ లా ట్రిబ్యునల్ దివాలా పిటిషన్‌ను స్వీకరించింది. 2021 జూన్‌లో జలాన్-కాల్‌రాక్ వర్గం ప్రణాళికకు ఆమోదం వచ్చింది. మళ్ళీ ఎగురుతుందన్నారు. పాత ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ బాకీలు కట్టి తీరాలని అప్పిలేట్ ట్రిబ్యునల్ చెబితే కొత్తవాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2023 జనవరిలో అక్కడా ఉద్యోగుల పక్షమే గెలిచింది. కాని ప్రణాళికే నడవలేదు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు సంస్థను లిక్విడేట్ చేయమంది. ఆఖరి విమానం దిగి అప్పటికి అయిదున్నరేళ్ళు.

ఇక్కడే మిల్లుకూ విమాన సంస్థకూ ఒక పెద్ద తేడా. మిల్లు మూతపడినా కింద నేల ఉంది. గిర్‌గావ్ దాటి పరేల్ దాకా ఆ భూములు సుమారు 600 ఎకరాలని లెక్క. 1991 నిబంధనల్లో ఆ భూమిలో మూడో వంతు ఇళ్ళకు, మూడో వంతు ఖాళీ స్థలానికి అన్నారు. 2001లో ఆ వాటాను బాగా కుదించారు. అయినా ఎంతో కొంత మిగిలింది కనుకనే 1982 జనవరి 1 నాటికి హాజరు పట్టీలో పేరున్న కార్మికులకో వారసులకో 2012 నుంచి మ్హాడా లాటరీలు వేసి ఇళ్ళు ఇస్తూ వచ్చింది. దరఖాస్తులు లక్షన్నరకు పైన, ఇళ్ళు అందులో కొద్ది భాగానికే. మా గల్లీలో మిల్లు గేట్ పాస్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. విమాన సంస్థకు నేల లేదు. విమానాల్లో చాలావరకు అద్దెవి, సంస్థ తూలగానే యజమానులు వచ్చి పట్టుకుపోతారు. దిగే వేళలు, ఎగిరే వేళలు పక్క సంస్థలకు పోతాయి. చూడ్డానికి ఎంత పెద్ద వ్యాపారమో, అమ్మి పంచడానికి అంత కొంచెం.

అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడ ఇలా జరగదంటారు. జరిగింది. 1983లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ దివాలా పిటిషన్ వేసి, సంఘాలతో ఉన్న ఒప్పందాలను చించేసి జీతాలు సగానికి సగం కోసింది. గోల పుట్టి మరుసటి ఏడాదే అక్కడి కాంగ్రెస్ చట్టం మార్చింది. దివాలాలో ఉన్నా సరే, సంఘానికి లెక్కలు చూపించి, బేరమాడి, కుదరకపోతే జడ్జి అనుమతితోనే ఒప్పందం మార్చాలి. కోత ఆగలేదు గాని పద్దు పుస్తకం బల్ల మీదికి వచ్చింది. యునైటెడ్‌లో మరో ప్రయోగం చేశారు. 1994లో పైలట్లు, మెకానిక్కులు తదితరులు జీతాలు తగ్గించుకుని, బదులుగా కంపెనీలో 55 శాతం వాటా తీసుకున్నారు. ఉద్యోగులే యజమానులయ్యారని ప్రపంచమంతా మెచ్చుకుంది. 2002 డిసెంబరులో సంస్థ దివాలా తీసింది, ఆ షేర్లు చిత్తుకాగితాలయ్యాయి. 2005లో పెన్షన్ బాధ్యతనూ సర్కారు బీమా సంస్థ నెత్తిన వేశారు, పైలట్లలో చాలామందికి పెన్షన్ తెగిపడింది. జీతమూ షేర్లూ పెన్షనూ ఒకే బుట్టలో పెట్టకూడదని మా బ్యాంకు ప్యూను కూడా చెబుతాడు.

కోత ఎలా ఉండాలో కాస్త పద్ధతిగా కనిపించింది ఎయిర్ ఇండియా 2020 జులై ఉత్తర్వుల్లో. కొవిడ్‌తో విమానాలు నేల మీదే ఉన్న రోజులవి. అలవెన్సుల్లో 50 శాతం దాకా కోశారు, పైలట్ల ఫ్లయింగ్ అలవెన్సుకు 40 శాతం దెబ్బ. పైలట్ల సంఘాలు గట్టిగానే గోల పెట్టాయి, వాళ్ళ జీతంలో ఎక్కువ భాగం అలవెన్సులే కనుక. కాని మూల వేతనం జోలికి పోలేదు. ఇది చిన్న విషయం కాదు. అప్పటి చట్టంలో గ్రాట్యుటీ లెక్క ఇలా ఉండేది: ఆఖరున తీసుకున్న మూల వేతనం, కరువు భత్యం కలిపి, 15తో హెచ్చించి, 26తో భాగించి, సర్వీసు సంవత్సరాలతో హెచ్చించాలి. ఆఖరు జీతం అన్నది గమనించండి. ఇరవై ఏళ్ళు పనిచేసి చివరి ఏడాది మూల వేతనంలో కోతకు ఒప్పుకుంటే, ఇరవై ఏళ్ళ గ్రాట్యుటీ కూడా కోసుకున్నట్టే. బేరానికి కూర్చునేవాళ్ళు శాతం ఎంత అని కొట్లాడుతారు, ఎక్కడి నుంచి కోస్తారని అడగరు.

సంస్థ దివాలా కోర్టుకు వెళితే ఉద్యోగులు "ఫారం డి" నింపి తమ బాకీ చూపించాలి. నియామక పత్రం, జీతం చీటీలు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్ళు కావాలి. కంపెనీ కంప్యూటర్ ఆగిపోయాక జీతం చీటీలు దొరకవు, అందుకని అవి ప్రతినెలా ఇంటికి తెచ్చుకోవాలి. ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ నిధులు పంపకపు ఆస్తిలో కలవవు, వాటిని ఎవరూ ముట్టకూడదు. అయితే ఆ నిధిలో సంస్థ జమ చేసి ఉండాలి. జీతం కంటె ముందు ఆగేది చాలాచోట్ల ఈ జమయే.

మా గల్లీ కుర్రాడు ఇప్పుడు వేరే సంస్థలో కెప్టెన్. పాత బాకీ రాలేదు. వాళ్ళమ్మ నగలు మాత్రం విడిపించుకున్నాడు. ఒక నెల పి.ఎఫ్. సొమ్ము మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి గనుక, ప్రతినెలా 16న ఏ ఊళ్ళో దిగినా ముందు ఫోను తీసి ఆ జమ చూసుకుంటాడట.